కరువు వచ్చిందని తేల్చేది ఎవరండి? ధవళేశ్వరం మూడో హెచ్చరిక లాగా దీనికీ స్కేలు ఉంటుందా?

లంకకుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. మొన్న టీవీలో గాజా గురించి చెప్తూ "ఐపీసీ ఫేజ్ 5" అన్నారు, అంతకుముందు సూడాన్ గురించి కూడా అదే మాట. ఐపీసీ అంటే మనకి తెలిసింది పాత శిక్షాస్మృతే కదా, ఆకలికి సెక్షన్లేంటా అనుకున్నాను 😀 తీరా చూస్తే వేరే ఏదో. నా డౌటు ఏంటంటే, మనకి ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, స్కేలు గోడకి ఉంటుంది, ఎవడు చూసినా అదే అంకె. మరి ఆకలికి గోడ ఎక్కడుంది? ఇన్ని సంస్థలు కూర్చుని ఇది ఫేజ్ 3, ఇది ఫేజ్ 4 అని ఎలా తేలుస్తాయి? తెలిసినవాళ్ళు కాస్త మామూలు తెలుగులో చెప్పండే.

చెరువు రాజు:
ఏముంది తమ్ముడూ, ఏసీ రూములో కూర్చుని మ్యాపు మీద రంగులేస్తారు, ఎర్రరంగు ఎక్కువుంటే ఫండ్స్ ఎక్కువొస్తాయి. అంతే.

గట్టు మేస్టారు:
రాజుగారూ, తమరు రొయ్యకి తెల్లమచ్చ వచ్చిందో లేదో ల్యాబ్ రిపోర్టు రాకుండానే తేల్చేసే మనిషి, దీన్నీ తేల్చేశారు. ఆగండి, తెలిసినవాళ్ళని చెప్పనివ్వండి.

రాజోలు టు జూబా:
మేస్టారూ నమస్కారం. నేను చెప్తానండి, నాలుగేళ్ళ నుంచి దక్షిణ సూడాన్‌లో ఓ సహాయ సంస్థలో సర్వే డేటా చూసే పని నాది, రెండుసార్లు ఈ ఐపీసీ వర్క్‌షాపుల్లో కూర్చున్నాను. పెద్ద ఆఫీసర్ని కాదు, పక్క టేబుల్ మీద లెక్కలేసేవాణ్ణి.

ముందు పేరు. తెలుగులో చెప్పాలంటే ఆహార భద్రత సమగ్ర దశల వర్గీకరణ అనాలేమో, చదివితేనే ఆకలేస్తుంది, అందుకే ఐపీసీ అనే అందాం. 2004లో సోమాలియాలో పుట్టింది, అక్కడ ఎఫ్ఏఓ, అంటే ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ, కింద పనిచేసే యూనిట్ వాళ్ళు మొదలెట్టారు. అప్పటిదాకా ఏం జరిగేదంటే, ఒక సంస్థ వచ్చి "పది లక్షల మంది ఆకలితో ఉన్నారు" అనేది, ఇంకోటి వచ్చి "కాదు నాలుగు లక్షలే" అనేది, ఎవడి కొలత వాడిది, డబ్బిచ్చేవాడు ఎవర్ని నమ్మాలి? మన సంతలో ఒకడు కుంచంతో ఒకడు కిలోల్లో ఒకడు బస్తాల్లో అమ్మినట్టు. అందరూ ఒకే కాటా మీదికి రండి అన్నదే ఇది. ఇప్పుడు ఎఫ్ఏఓ, ప్రపంచ ఆహార కార్యక్రమం, యూనిసెఫ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ, కేర్, ఆక్స్‌ఫామ్, సేవ్ ద చిల్డ్రన్, కరువు ముందస్తు హెచ్చరికలిచ్చే ఫ్యూస్‌నెట్ ఇలాంటివన్నీ ఇందులో భాగస్వాములు. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు ఇదే పద్ధతి వేరే పేరుతో నడుస్తుంది, కాడ్ర్ ఆర్మోనీజే అంటారు.

ఫేజులు అయిదు. 1 అంటే ఇబ్బంది లేదు. 2 అంటే ఒత్తిడి, తింటున్నారు గానీ అప్పు చేసో ఇంకో ఖర్చు మానుకునో తింటున్నారు. 3 సంక్షోభం. 4 అత్యవసరం. 5 అంటే ఇంటి లెవెల్లో అయితే విపత్తు, ఒక ప్రాంతం మొత్తానికి అయితే కరువు. ఈ చివరి తేడా న్యూస్ చానెళ్ళకి అస్సలు తెలీదు. 2021 జూన్‌లో ఇథియోపియా టిగ్రేలో 3.5 లక్షల మంది ఫేజ్ 5లో ఉన్నారని లెక్క తేలింది, కానీ ఆ ప్రాంతాన్ని కరువు అని వర్గీకరించలేదు. ఆ లెక్కని అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు, అది వేరే కథ.

లంకకుర్రోడు:
ఫేజ్ 5 కొలత ఏంటండి? అది చెప్పండి ముందు.

కాకినాడ స్టాట్స్:
నేను న్యూట్రిషన్ పీజీ, ఇది మాకు సిలబస్‌లో ఉంది కాబట్టి చెప్తున్నా. మూడు గీతలు దాటాలి. ఆ ప్రాంతంలో కనీసం 20 శాతం ఇళ్ళకి తిండి దాదాపు పూర్తిగా లేకపోవాలి. అయిదేళ్ళలోపు పిల్లల్లో కనీసం 30 శాతం మంది ఎత్తుకి తగ్గ బరువు లేకుండా చిక్కిపోయి ఉండాలి. రోజుకి ప్రతి 10,000 మందిలో ఇద్దరు ఆకలి వల్లో, ఆకలికి రోగం తోడైతేనో చనిపోతూ ఉండాలి, పిల్లల్ని విడిగా లెక్కేస్తే 10,000 మంది పిల్లల్లో రోజుకి నలుగురు.

రోజుకి ఇద్దరేనా అనుకోకండి. 10,000 జనాభా ఉన్న ఊరు తీసుకోండి, మామూలు రోజుల్లో మన దగ్గర ఏడాదికి వెయ్యికి ఆరేడుగురు పోతారు, అంటే ఊరికి అరవై డెబ్బై. ఈ లెక్కలో నెలకే అరవై. ఏడాది చావులు నెలలో.

వేటకి సెలవు:
అమ్మో.

గట్టు మేస్టారు:
అంటే ఈ స్కేలు ప్రకారం మనుషులు పోవడం మొదలయ్యాకే కరువు అని తేలుతుందన్నమాట. ధవళేశ్వరం హెచ్చరిక నీళ్ళు లంకలోకి రాకముందు ఇస్తారు, ఇది శవాలు లెక్కపెట్టాక ఇస్తారు. పోలిక కుదరలేదు నాయనా.

రాజోలు టు జూబా:
కుదరలేదు మేస్టారూ, మీరన్నది నిజం. సోమాలియాలో 2011 జులై 20న కరువు ప్రకటించారు, తర్వాత లెక్క తీస్తే మొత్తం దాదాపు 2.6 లక్షల మంది పోయారు, వాళ్ళలో చాలామంది ఆ ప్రకటనకి ముందే పోయారు. అందుకే మా టీమ్ లీడర్ ఎప్పుడూ అనేవాడు, పనిచేయాల్సింది 3 దగ్గర, 5 వచ్చిందంటే మనం ఆలస్యమైపోయాం అని.

కానీ హెచ్చరిక భాగం కూడా ఉందండి. ప్రతి విశ్లేషణలో రెండు మ్యాపులు ఉంటాయి, ఒకటి ఇప్పటి పరిస్థితి, రెండోది రాబోయే నెలల అంచనా. మన భాషలో మొదటిది ధవళేశ్వరం, రెండోది భద్రాచలం. భద్రాచలంలో 53 అడుగులు దాటితే మన లంకలోళ్ళు గేదెల్ని గట్టెక్కిస్తారు కదా, ఇంకా నీళ్ళు రాకపోయినా. ఆ రెండో మ్యాపు అందుకే. దాన్ని చూసి ఎవరూ గేదెల్ని గట్టెక్కించకపోవడం వేరే సమస్య.

చెరువు రాజు:
సరే గానీ, గాజాలో 30 శాతం అన్నదాన్ని 15 శాతానికి తగ్గించి కరువు అనేశారని చదివాను. అదేంటి మరి? రూల్ మార్చేశారు కదా?

కాకినాడ స్టాట్స్:
మార్చలేదండి. కొలత రెండు రకాలు. పిల్లాడి ఎత్తు, బరువు తీసి లెక్కేస్తే గీత 30 శాతం. అలా తీసే వీలు లేనిచోట జబ్బ చుట్టూ టేపు వేసి కొలుస్తారు, దానికి గీత 15 శాతం. ఈ టేపు లెక్క 2019 మాన్యువల్ నుంచీ ఉంది, గాజాలో 2025 ఆగస్టులో వర్గీకరించారు. రెండు కొలతల్లో దొరికే పిల్లలు వేరు వేరు, అందుకే గీతలు కూడా వేరు. ఇజ్రాయెల్ ఆ రిపోర్టుని తప్పుబట్టింది, అది తెలిసిందే.

అంగన్‌వాడీ అక్క:
టేపు గురించి నేను చెప్తా, అది రోజూ నా చేతిలోదే. ఎడమ చెయ్యి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన వెయ్యాలి, బిగించకూడదు, వదులుగా ఉండకూడదు. 125 మిల్లీమీటర్లు దాటితే పచ్చ, 115 నుంచి 125 లోపు పసుపు, 115 లోపు ఎరుపు. పిల్లాడు ఏడుస్తూ చెయ్యి బిగిస్తాడు, వాళ్ళ అమ్మ నవ్వుతూ "కొంచెం లూజుగా పెట్టండి మేడమ్, ఎరుపొస్తే మా అత్త నన్ను తిడుతుంది" అంటుంది. నాకు ఇద్దరు అలాంటి తల్లులున్నారు. ఆ చెయ్యి పట్టుకుంటే నా బొటనవేలూ చూపుడువేలూ కలిసిపోతాయి, టేపు దేనికి ఇంకా.

ఇంకోటి, రెండు పాదాల మీద బొటనవేలితో నొక్కి చూడాలి, గుంట పడి అలాగే ఉండిపోతే అది నీరు, బరువు బాగానే చూపిస్తుంది గానీ బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టే. కాటా నమ్ముకుంటే అలాంటి బిడ్డ తప్పిపోతాడు.

లంకకుర్రోడు:
అక్కా ఇది ఎప్పుడూ తెలీదు. మా చెల్లి కొడుక్కి చేస్తుంటే ఫొటోకోసం అనుకున్నాను, సారీ.

కాకినాడ స్టాట్స్:
ఇక్కడ ఒక బాంబు వేస్తాను, తిట్టకండి. ఐపీసీలో తిండికి ఒక స్కేలు, పిల్లల తీవ్ర పోషకాహార లోపానికి విడిగా ఇంకో స్కేలు, దీర్ఘకాలిక ఆహార లోపానికి మూడోది. రెండో స్కేలులో చిక్కిపోయిన పిల్లలు 5 శాతం లోపైతే ఫేజ్ 1, 10 దాటితే 3, 15 దాటితే 4, 30 దాటితే 5. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం 19.3 శాతం, ఆంధ్రప్రదేశ్ 16.1 శాతం. ఇప్పుడు మీరే చెప్పండి ఏ ఫేజో.

చెరువు రాజు:
ఏంటండి బాబూ ఇది, అన్నపూర్ణ లాంటి డెల్టా ఉన్న రాష్ట్రానికి ఫేజ్ 4 అంటారా? రేషన్ బియ్యం తినేవాళ్ళు లేక చెరువుల్లో పోస్తున్నారు ఇక్కడ.

అంగన్‌వాడీ అక్క:
రాజుగారూ, బియ్యం ఉన్నాయి. బియ్యమే ఉన్నాయి.

రాజోలు టు జూబా:
అక్క రెండు ముక్కల్లో చెప్పేసింది. నేను కొంచెం పొడుగు చెప్తా. మన దేశంలో ఐపీసీ విశ్లేషణ జరగదు, పక్కన పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్‌లో జరుగుతుంది. కాబట్టి ఆ 16.1 తీసుకెళ్ళి స్కేలు మీద పెట్టి "మనది ఫేజ్ 4" అనేయడం తప్పు, ఆ సర్వే దాని కోసం చేసింది కాదు, అది నెలల తరబడి సాగుతుంది, ఏ సీజన్లో కొలిచారో కూడా చూడాలి. మన దగ్గర ఇది ఒక్కసారిగా వచ్చిపడిన కరువు కాదు, తరాలుగా నడుస్తున్న రోగం, తల్లికి రక్తం లేకపోవడం దగ్గర మొదలవుతుంది. అందుకే మూడు స్కేళ్ళు విడివిడిగా పెట్టారు. తిండి స్కేలులో 2 ఉండి పోషణ స్కేలులో 4 ఉన్న ప్రాంతాలు ఉంటాయి, అప్పుడు లారీల్లో బియ్యం పంపితే ఉపయోగం ఉండదు, నీళ్ళో, విరేచనాలో, తల్లి పాలో ఇంకెక్కడో తేడా ఉంది. అంకె మాత్రం చిన్నది కాదండి, స్టాట్స్ బాబు వేసిన బాంబు బాంబే.

లంకకుర్రోడు:
సరే, ఇళ్ళల్లో తిండి కొలిచేదెలా? "మీ ఇంట్లో తిండుందా" అని అడిగితే సాయం వస్తుందనుకుంటే అందరూ లేదంటారు, పరువు అనుకుంటే అందరూ ఉందంటారు.

రాజోలు టు జూబా:
అందుకే అలా అడగరు. గత ఏడు రోజుల్లో ఏవేవి ఎన్ని రోజులు తిన్నారు అని అడుగుతారు. అన్నం, రొట్టె, దుంపల్లాంటివాటికి రోజుకి 2 మార్కులు, పప్పుకి 3, కూరగాయలకి 1, పళ్ళకి 1, మాంసం చేప గుడ్డుకి 4, పాలకి 4, పంచదారకి అర, నూనెకి అర. మొత్తం కూడితే 21 దాకా అయితే అధ్వానం, 35 దాకా అంచు మీద, పైన అయితే ఫర్లేదు. నూనె పంచదార రోజూ వాడే చోట్ల 28, 42 అని గీత పైకి జరుపుతారు.

రెండోది, తిండి చాలక ఏం చేశారు అని అయిదు ప్రశ్నలు. చవకబారు తిండితో సరిపెట్టుకున్న రోజులకి 1 చొప్పున, అప్పు తెచ్చుకున్న రోజులకి 2, ముద్ద తగ్గించుకుంటే 1, పూటలు తగ్గిస్తే 1, పెద్దవాళ్ళు తగ్గించుకుని పిల్లలకి పెడితే 3. మొత్తం మూడు దాకా ఫేజ్ 1, పద్దెనిమిది దాకా 2, పందొమ్మిది నుంచి 3 గానీ అంతకంటే అధ్వానం గానీ.

మూడోది ఆకలి స్కేలు, నెలరోజుల్లో ఇంట్లో తిండి గింజ లేకుండా పోయిందా, ఆకలితో పడుకున్నారా, పగలూ రాత్రీ మొత్తం తినకుండా ఉన్నారా. నాలుగోది బతుకుతెరువు, ఏమేం అమ్మారు, ఏమేం తాకట్టు పెట్టారు, పిల్లల్ని బడి మాన్పించారా, ఆఖరి పాడి పశువుని అమ్మేశారా.

చెరువు రాజు:
మా ఊళ్ళో గేదెని అమ్మి కూతురి పెళ్ళి చేస్తారు. అదీ కరువేనా? 😂

రాజోలు టు జూబా:
కాదండి, ప్రశ్నలోనే ఉంటుంది, తిండి లేకో తిండి కొనడానికి డబ్బు లేకో అమ్మారా అని. ఇంకో తమాషా చూడండి, "అమ్మలేదు" అన్నవాణ్ణి ఎందుకు అని మళ్ళీ అడగాలి. అవసరం లేక అమ్మలేదా, లేకపోతే పోయినేడాదే అమ్మేశాం, ఇంక అమ్మడానికి ఏముంది అంటున్నాడా. రెండోవాడిది కూడా అమ్మిన లెక్కలోనే పడుతుంది. ఈ ఒక్క ప్రశ్న సరిగ్గా అడగని సర్వే కుర్రాళ్ళ వల్ల ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం బాగున్నట్టు వచ్చింది ఒకసారి, వాళ్ళ దగ్గర అమ్ముకోవడానికి మేక కూడా మిగల్లేదు గనక ఎవరూ అమ్మలేదు.

లంకకుర్రోడు:
ఆయ్, ఇప్పుడు నేను ఒక లెక్క వేశా చూడండి. 2022 జులై వరద గుర్తుందిగా, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇంట్లో ఆ వారం లెక్క అమ్మని అడిగి, నాకు గుర్తున్నది కలిపి వేశాను.

అన్నం 7 రోజులు 14. పప్పు రెండ్రోజులు 6. కూర మూడ్రోజులు 3, అది కూడా పడవ మీద ఇచ్చిన బంగాళాదుంపలు ఉల్లిపాయలు, దుంపలు కూరలోకి వస్తాయా అన్నంలోకి వస్తాయా తెలీదు, ఒకరోజు వంకాయలు ఉన్నాయిలెండి, కూర కిందే వేసేశా. అరటిపళ్ళు రెండ్రోజులు 2, తోట మునిగిపోయే ముందు కోసిన గెల. ఎండు చేప ఒకరోజు 4. పాలు టీలోకి రోజూ, 28. పంచదార మూడున్నర, నూనె అయిదు రోజులు రెండున్నర. మొత్తం 63! మేం దర్జాగా తిన్నట్టు వచ్చింది, ఇదేం స్కేలండి?

కాకినాడ స్టాట్స్:
టీలో పాలు తీసెయ్ బ్రదర్. చెంచాడు పాలు పాలు కింద రావు, తాలింపు గింజల్లాగే లెక్క.

లంకకుర్రోడు:
తీసేస్తే 35. సరిగ్గా గీత మీద.

రాజోలు టు జూబా:
ఎండు చేప ఎంత? చారులో ఒక ముక్క వేసి వాసన తెచ్చుకుంటే అదీ రాదు.

లంకకుర్రోడు:
అయిదుగురికి రెండు సావడాలు. వస్తుందో రాదో మీరే చెప్పండి 😀 తీసేస్తే 31.

రాజోలు టు జూబా:
31 అయినా 35 అయినా అంచు మీదే, దుంపల్ని అన్నం వైపు వేస్తే ఇంకో ఒకటో రెండో తగ్గుతుంది, అయినా అంచే. ఐపీసీలో అది ఫేజ్ 3 వైపు చూపిస్తుంది. రెండో లెక్క వెయ్యి.

లంకకుర్రోడు:
చవకబారు తిండి 5 రోజులు 5, పక్కింటి డాబా మీదోళ్ళ దగ్గర తెచ్చుకున్నది రెండ్రోజులు 4, ముద్ద తగ్గించింది నాలుగు రోజులు 4, పూట మానేసింది మూడ్రోజులు 3, అమ్మానాన్న తగ్గించుకుని మాకూ చెల్లి పిల్లాడికీ పెట్టింది మూడ్రోజులు 9. మొత్తం 25. ఆకలితో పడుకున్నది ఒకటి రెండుసార్లు ఉంటుంది, ఆ స్కేలులో 1 వచ్చింది.

రాజోలు టు జూబా:
బాగుంది, ఇప్పుడు నీకు వర్క్‌షాపులో ఏం జరుగుతుందో అర్థమవుతుంది. మొదటి కొలత ఫేజ్ 3 అంటోంది, రెండోది 3 అంతకంటే పైన అంటోంది, ఆకలి స్కేలు 1 అంటే ఫేజ్ 2. ఏది నమ్మాలి? నీ ఒక్క ఇల్లు కాదు, వందల ఇళ్ళు, పైన వర్షపాతం, సంత ధరలు, పంట, రోగాలు, పిల్లల కొలతలు, ఎవరు ఎటు వలస పోయారు, ఇవన్నీ ఒకే ప్రాంతానికి సంబంధించి బల్ల మీద ఉంటాయి. ప్రతి ముక్క పక్కనా అది ఎంత నమ్మదగ్గదో రాయాలి. ఎప్పటి డేటా, ఎలా తీశారు, పోయిన సీజన్‌దైతే ఇప్పటికి పనికొస్తుందా. ఫార్ములాలో వేస్తే ఫేజు రాదండి. సాక్ష్యాలన్నీ ఎటు మొగ్గుతున్నాయో చూసి మనుషులే తేల్చాలి, అందరూ ఒప్పుకోవాలి.

ఒక గదిలో ప్రభుత్వ వ్యవసాయ శాఖవాళ్ళు, ఐరాసవాళ్ళు, ఎన్జీఓలు, గణాంక శాఖవాళ్ళు. ఒక కౌంటీ మీద మేం రోజున్నర కొట్టుకున్నాం. ఆకలి స్కేలు బాగానే ఉంది, తిండి మార్కులు ఘోరంగా ఉన్నాయి. ఒకాయన సర్వే తప్పు అన్నాడు. అప్పుడు ఆ ప్రాంతం నుంచి వచ్చిన ఆవిడ, గుమస్తా లెవెల్ మనిషి, అప్పటిదాకా నోరు విప్పలేదు, చెయ్యెత్తి అంది, వరద నీళ్ళలో ఆడవాళ్ళు కలువ గింజలూ దుంపలూ ఏరుకొచ్చి దంచి వండుతున్నారు, కడుపు నిండుతోంది కాబట్టి ఆకలితో పడుకున్నారా అంటే లేదంటారు, మీ లిస్టులో కలువ దుంప లేదు కాబట్టి మార్కులు పడవు అని. గది మొత్తం సైలెంట్. నాకు మన కాలవల్లో కలువలు గుర్తొచ్చాయి, చిన్నప్పుడు సరదాకి తిన్నాం.

అలా ఎవరైనా ఒప్పుకోకపోతే భిన్నాభిప్రాయం రాసి పెట్టే వీలుంది, దాన్ని బయటివాళ్ళు చూస్తారు. ఫేజ్ 5 అనే మాట వస్తే అసలు ఆ గదితో ఆగదు, కరువు సమీక్ష కమిటీ అని స్వతంత్ర నిపుణులు అయిదారుగురు మళ్ళీ మొదట్నుంచి చూస్తారు. మూడు గీతలకీ పక్కా సాక్ష్యం దొరికితే ఒక మాట, రెంటికి దొరికి మూడోది అంచనా కట్టాల్సి వస్తే ఇంకో మాట వాడతారు. చావుల లెక్క ఎవరు రాస్తారండి యుద్ధంలో, శ్మశానం దాకా పోలేని చోట.

చెరువు రాజు:
గవర్నమెంటోడు కూడా ఆ గదిలో ఉంటే తన రాష్ట్రంలో కరువుందని ఒప్పుకుంటాడా ఎక్కడైనా?

రాజోలు టు జూబా:
మంచి ప్రశ్న అండి, ఈ పద్ధతికి ఉన్న పెద్ద లొసుగు అదే. దక్షిణ సూడాన్‌లో 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వమూ ఐరాసా కలిసే లీర్, మయెందిట్ కౌంటీల్లో కరువు అని ప్రకటించాయి, లక్ష మంది ఆ కరువులో ఉన్నారని. సాయం గట్టిగా వెళ్ళింది, జూన్ కల్లా ఆ వర్గీకరణ పోయింది. అదే పక్క దేశం సూడాన్‌లో 2024 ఆగస్టులో జంజం నిర్వాసితుల శిబిరంలో కరువు అని కమిటీ తేలిస్తే, ఆ డిసెంబరులో సూడాన్ ప్రభుత్వం ఐపీసీ నుంచే పక్కకి తప్పుకుంది. ఇంకో సంగతి, ఐపీసీ కరువుని "ప్రకటించదు", వర్గీకరిస్తుంది అంతే. ప్రకటించడం ప్రభుత్వాల పని, లేదా ఐరాస పెద్దల పని.

గట్టు మేస్టారు:
ప్రభుత్వం ఒప్పుకోదు అంటే నాకు పాత సంగతి గుర్తొస్తోంది. మా తాతగారు డొక్కల కరువు, ధాత కరువు అని కథల్లాగా చెప్పేవారు. డొక్కల కరువు 1832-33, నందన నామ సంవత్సరం, గుంటూరు సీమ తుడిచిపెట్టుకుపోయింది, మన గోదావరి జిల్లాలూ దెబ్బతిన్నాయి, ఆనకట్ట ఇంకా లేదు, అది 1847లో మొదలై 1852కి అయింది. ధాత 1876-78. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో సహాయ పనులు పెట్టి, రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి కూలీకి రోజుకి ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలని తగ్గించేశాడు. పౌనంటే 450 గ్రాములు, పగలంతా మట్టి మోసేవాడికి. ఆరోగ్యశాఖ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది చావు కూలి అని పోట్లాడాడు. చూశారా, అప్పుడూ ఇద్దరు ఆఫీసర్లు, ఒకే ఆకలి, రెండు కొలతలు.

ఆ తర్వాత 1880 కమిషన్, కరువు కోడ్‌లు వచ్చాయి. వాటిలో పరీక్ష ఏంటో తెలుసా? తక్కువ కూలికి కష్టమైన పని పెట్టి ఎంతమంది వస్తారో చూడటం. ఎక్కువమంది వస్తే కరువు నిజమే. ఆ దిక్కుమాలిన కొలత కంటే వారం రోజులు ఏం తిన్నావమ్మా అని అడగడం ఎంతో నయం.

వేటకి సెలవు:
మాది అంతర్వేది వైపు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్, 61 రోజులు. ఇప్పుడు 20 వేలు ఇస్తున్నారు, ఇంతకుముందు 10 వేలు. ఈ అయిదు ప్రశ్నలు మే నెలాఖర్లో మా వాడలో అడిగితే ఒక లెక్క వస్తుంది, ఆగస్టులో అడిగితే ఇంకో లెక్క. మండలం మొత్తానికి అడిగితే మేం కనపడం, కొబ్బరి తోటలోళ్ళ లెక్కలో కలిసిపోతాం.

కాకినాడ స్టాట్స్:
కరెక్ట్ పాయింట్. ప్రాంతానికి రంగు వేయడానికి 20 శాతం రూలు. వంద ఇళ్ళలో 55 ఫేజ్ 1, 20 ఫేజ్ 2, 19 ఫేజ్ 3, 6 ఫేజ్ 4 అనుకోండి. 3, 4 కలిపితే 25, ఇరవై దాటింది కాబట్టి ఊరి రంగు ఫేజ్ 3. ఆ ఆరిళ్ళు మ్యాపు మీద కనపడవు. కింద టేబుల్లో ఉంటాయి, టేబుల్ చూసేవాడెవడు.

అంగన్‌వాడీ అక్క:
ఆ ఆరిళ్ళు ఏవో ఊళ్ళో అందరికీ తెలుసు బాబూ. మ్యాపు గీసేవాళ్ళకే తెలీదు.

మోడరేటర్:
రొయ్యల మేత, రేషన్ బియ్యం అమ్మకాల మీద వచ్చిన పదకొండు కామెంట్లు వేరే దారానికి మార్చాం. ఇక్కడ విషయం మీదే ఉండండి.

లంకకుర్రోడు:
ఒక సంగతి చెప్పాలి. రాత్రి నా లెక్క అమ్మకి చూపించా, 25 వచ్చిందమ్మా, ఫేజ్ 3 లో ఉన్నాం మనం ఆ వారం అని. ఆవిడ చదివించుకుని ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగింది. "పెద్దవాళ్ళు తగ్గించుకున్నారని ఎవర్రా చెప్పారు? నేనెప్పుడు తగ్గించుకున్నాను" అంది. నాకు బాగా గుర్తండి, మూడ్రోజులు కుండలో అడుగున మిగిలింది గంజిలో కలుపుకుని తాగింది, నాన్నకి కూడా సగమే. అదే అన్నాను. "అది తగ్గించుకోవడం ఏంటి, వరదలో ఎవరికి ఆకలేస్తుంది, పిల్లలు తిన్నాక తినడం ఎప్పుడూ ఉన్నదేగా" అంది. సర్వేవాళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్తావమ్మా అంటే, సున్నా అని చెప్తాను, ఉన్నమాట అదేగా అంది.

సున్నా వేస్తే 25 లోంచి 9 పోయి 16. పందొమ్మిదికి కింద. ఫేజ్ 2.

అంగన్‌వాడీ అక్క:
మా అమ్మా ఇంతే. నేనూ ఇంతే అనుకుంటా, ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

రాజోలు టు జూబా:
ఆ ప్రశ్నకే అన్నిటికంటే ఎక్కువ బరువు, మూడు. అక్కడే జవాబు రాదు. మేం సర్వే పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు దీనిమీదే గంట కూర్చుంటాం, వంట చేసే ఆవిడనే అడగండి, పక్కన అత్తగారో మొగుడో ఉంటే కాస్త దూరంగా తీసుకెళ్ళి అడగండి, "తగ్గించుకున్నారా" అనకుండా నిన్న ఎవరు ముందు తిన్నారు, ఎంత మిగిలింది అక్కణ్ణుంచి మొదలెట్టండి, ప్రశ్న మాత్రం మార్చకుండా అడగండి అని. అయినా సున్నాలు వస్తాయి. ఒక ఊళ్ళో అన్ని ఇళ్ళకీ వరసగా సున్నా వచ్చిందంటే ఆ డేటా పక్కన నమ్మకం తక్కువ అని గుర్తు పెట్టి, పిల్లల టేపు లెక్కతో పోల్చుకుంటాం. టేపు దగ్గర అమ్మ మొహమాటం పనిచేయదు కదా.

చెరువు రాజు:
పనిచేస్తుందిగా, లూజుగా పెట్టమందిగా ఒకావిడ 🙂

అంగన్‌వాడీ అక్క:
పెట్టలేదండీ లూజుగా. ఎరుపే రాశాను. వాళ్ళ అత్తగారు నిజంగానే వచ్చి గొడవ చేసింది, ఇప్పుడు ఆవిడే రోజూ గుడ్డు తీసుకెళ్తోంది మనవడికి. మొన్న కొలిస్తే 118.

గట్టు మేస్టారు:
మా లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు ఏ ఫేజో అడక్కుండా విస్తరి వేసేవారు, అది వేరే కాలం. లంకకుర్రోడా, మీ అమ్మగారి పేరు మీద 25 అనే ఉంచు నాయనా.

లంకకుర్రోడు:
ఉంచానండి. ఆవిడ ఒప్పుకోలేదు. భిన్నాభిప్రాయం కింద రాశాను.